టాపుకు రెండో కొస

నీకూ పిల్లలకూ నా ఆశీస్సులు. నేను క్షేమమే, నడుము ఒక్కటి తప్ప.

జీపుకు గుడ్డ టాపు చాలని చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఓనరు వినలేదు, ఫైబరు టాపు కొన్నాడు. గుడ్డదైతే నేనొక్కణ్ణే మడిచేసేవాణ్ణి. ఇది తీయాలన్నా పెట్టాలన్నా ఇద్దరుండాలి. జీపులో కొండ ఎక్కే టూరిస్టులకేమో ఆకాశం కనబడాలి. నిన్న టాపు తీసి షెడ్డులో పెట్టిన కాసేపటికే వాన అందుకుంది. సాయం పట్టిన క్లీనరు అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. సీట్లు తడిసిపోతున్నాయి. చూస్తే పక్క జీపు డ్రైవరు తప్ప ఎవరూ లేరు. బండి పెట్టుకునే చోటు కోసం పేచీ వచ్చినప్పటినుంచీ మా ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. నేను పిలవలేదు. అతనే వచ్చి వెనక కొస పట్టుకుని, "ముందు నువ్వెత్తు. మాట్లాడక్కర్లేదులే" అన్నాడు. ఎత్తాం. బోల్టులు బిగించి ఎవరి జీపులోకి వాళ్లం వెళ్లిపోయాం.

చిన్నదాని దగ్గు తగ్గిందా? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? ఇటు ఎవరైనా వస్తుంటే నా పాత స్వెట్టరు పంపు. అన్నయ్యకు నమస్కారాలు చెప్పు. పక్క వాటాలో ఉన్న వదినతో నీకింకా మాటల్లేవని పెద్దాడు రాశాడు. అది మీ ఇష్టం. గ్యాసు బండ మాత్రం ఒక్కదానివే ఎత్తకు. వెళ్లి వదిన తలుపు తట్టు. మాట్లాడక్కర్లేదు.