ఎనిమిదో సీజన్ ఆఖరి ఎపిసోడ్

ఈరీ,
2008 డిసెంబరు 11, గురువారం.

అన్నయ్యా,

ఈ రోజు మొదటి వింత ఏమిటంటే, పొద్దున ఏడింటికి తలుపు తీస్తే మెట్ల మీద లైల్ నిలబడి ఉన్నాడు. తల చుట్టూ కట్టు, దాని మీద వేటకు పెట్టుకునే నారింజరంగు టోపీ, చేతిలో మన పార. మెట్ల మీది మంచు అప్పటికే ఎత్తిపోసేశాడు. ఎందుకొచ్చాడో చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతాది నువ్వు చదవవు.

అమ్మా నేనూ ఒళ్లు బాగానే ఉండి తిరుగుతున్నాం. నువ్వూ అలాగే ఉన్నావనుకుందామంటే నీ ఉత్తరంలో పన్ను ఊడిన సంగతి ఉంది. జైల్లో కూడా అదే గొడవా? టీవీలో ‘హోకమ్ కుటుంబం’ పన్నెండో సీజన్ తర్వాతే బాగుంటుందన్న వాణ్ణి నువ్వు కొట్టావా, వాడు నిన్ను కొట్టాడా? "వాడి మోచెయ్యీ నా పన్నూ కలుసుకున్నాయి" అని రాశావు. మా టీచరు మిసెస్ లిండ్‌క్విస్ట్ చూస్తే ఎర్రసిరాతో గీసి, "ఎవరు ఎవర్ని?" అని అడిగేది. ఈ మధ్య నేను ఏం చదివినా అదే వెతుకుతున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ రెండో షిఫ్టుకే వెళ్తోంది. నా కాలేజీ దరఖాస్తు ఇంకా పంపలేదు. నాన్న రికార్డు చేసిన టేపులన్నీ భద్రంగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాన్ని పోలీసులు సంచిలో వేసి తీసుకెళ్లారు. ఇక సోమవారం కోర్టులో నేరం ఒప్పుకుంటానని, రెండేళ్లు పడొచ్చని రాశావు. "నాకేం గుర్తులేదు, కానీ ట్రోఫీ నా చేతిలోనే ఉందిగా, నేనే కొట్టి ఉంటాను" అన్నావు. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం.

ఆ రోజు జరిగింది వరసగా రాస్తాను. నీకు గుర్తులేని చోట నన్ను నమ్ము.

థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు ఎప్పటిలాగే మన బేస్‌మెంటులో పోటీ. ఒక్కొక్కరూ ఒక సీజన్ తరఫున నిలబడి, రెండు ఎపిసోడ్లు వేసి చూపించి వాదించాలి. గెలిచినవాళ్ల ఇంట్లో తాతయ్య బౌలింగ్ ట్రోఫీ ఏడాదిపాటు ఉంటుంది. నాన్న పోయాక ఇదే మొదటి పోటీ. అమ్మ షిఫ్టులో ఉంది, పెదనాన్న జింకల వేటకెళ్లాడు. ఉన్నది అటు తల్లీకొడుకులు పెద్దమ్మ, లైల్, ఇటు నువ్వు, నేను. నువ్వు ఎనిమిదో సీజన్, లైల్ తొమ్మిదోది. "మూడు నుంచి ఎనిమిది దాకా బంగారం, తొమ్మిది నుంచి తుప్పు" అని నాన్న అనేవాడు కదా, నువ్వూ అదే అని మొదలుపెట్టావు.

ఆఖర్న వరద ఎపిసోడ్ వేశావు. తన కార్పెట్ల కొట్టు మునిగిపోతుంటే హోకమ్ ఒక కార్పెట్ మీద తేలుతూ, ఈదుకుంటూ పోయేవాళ్లకి ధరలు చెప్తాడే, అది. పెద్దమ్మ తింటున్న పియెరోగీ కుడుము పొరబోయేంతగా నవ్వింది. లైల్ నవ్వలేదు.

"అది నాది. తొమ్మిదో సీజన్ మొదటి ఎపిసోడ్. సెప్టెంబర్లో వచ్చింది" అన్నాడు.

"తయారైంది ఎనిమిదిలోరా మొద్దూ. మిగిలిపోతే తర్వాత వేశారు. చివర్లో పడే తయారీ కోడ్ నంబరు చూడు" అన్నావు నువ్వు.

"ఎప్పుడు వండితే ఎవడిక్కావాలి? పళ్లెంలోకి ఎప్పుడొచ్చిందో చెప్పు!"

"నాన్న టేపు డబ్బా మీద ఎనిమిది అనే రాశాడు. ఆఖరి ఎపిసోడ్ అని కూడా రాశాడు."

"మీ నాన్నకి లెక్కలెప్పుడొచ్చాయి?"

అంటూనే లైల్ జేబులోంచి పెన్ను తీసి, నాన్న రాసిన ఎనిమిదిని కొట్టేసి తొమ్మిది వేశాడు.

నువ్వు లేవడం నేను చూడలేదు. చూసేసరికి లైల్ ముక్కు చితికి ఉంది. వాడు నిన్ను ఎత్తి టీవీ బల్ల మీదికి విసిరాడు. అంచు తగిలి నీ కనుబొమ చీలింది, రక్తం కళ్లలోకి కారింది. నువ్వు గుడ్డిగా పాకి వాడి మణికట్టు కొరికావు. వాడు నీ జుట్టు దొరకబుచ్చుకుని సిమెంటు నేలకేసి మోదాడు. మూడుసార్లు. మోదిన ప్రతిసారీ అరలో టేపులు గలగలమన్నాయి. "ఒరేయ్, చచ్చిపోతాడ్రా, వదలరా!" అని అరుస్తూ పెద్దమ్మ పోలీసులకి ఫోన్ చెయ్యడానికి పైకి పరిగెత్తింది.

ఇక్కడిదాకా పోలీసులకి చెప్పాను. ఇక్కడి నుంచి ఎవరికీ చెప్పలేదు.

లైల్ నిన్ను వదిలేశాడు, అన్నయ్యా. కొట్లాట అయిపోయింది. నువ్వు బోర్లా పడి మూలుగుతున్నావు. వాడు నీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "కాజ్, ఒరేయ్, ఊపిరాడుతోందా?" అని అడుగుతున్నాడు. నిన్ను కాపాడటానికే కొట్టానని చెప్పుకోవచ్చు. అది అబద్ధం. వాడి వీపు నావైపు ఉంది, ట్రోఫీ చేతికందేంత దూరంలో ఉంది. రెండు చేతులతో ఎత్తి, దాని పాలరాతి దిమ్మ వాడి తల వెనక దిగేలా కొట్టాను. ఆ చప్పుడుకి సరైన మాట ఇంకా దొరకలేదు. వాడు పక్కకి ఒరిగాక మళ్లీ ఎత్తాను. రక్తపు తడికి జారి కింద పడింది, లేకపోతే రెండో దెబ్బ కూడా పడేదే.

నువ్వు తడుముకుంటూ లేవబోయి, చేతికి తగిలినదాన్ని పట్టుకున్నావు. పోలీసులు దిగేసరికి ట్రోఫీ నీ చేతిలో ఉంది. "నువ్వేనా కొట్టింది?" అంటే "అయ్యుంటుంది" అన్నావు. నేను నోరు విప్పలేదు. పదమూడు రోజులుగా విప్పలేదు.

ఈ రోజు పొద్దున లైల్ పార గోడకి ఆనించి అన్నాడు, "కాజ్ నా ముందు బోర్లా పడున్నాడు. దెబ్బ వెనక నుంచి పడింది. మా అమ్మ పైన ఫోన్లో ఉంది. నాకు లెక్కలొచ్చు, రెనాటా."

"కొట్టడానికొచ్చావా?" అన్నాను.

"అందుకే వచ్చా. తీరా చూస్తే మీ మెట్లే నిన్ను చంపేలా ఉన్నాయి. అందుకని ముందు మంచు తీశా." నవ్వబోయి ఎడమ చెవి పట్టుకున్నాడు. ఆ చెవి ఇక వినపడదని డాక్టరు చెప్పాడట. "రేపు ఎనిమిదింటికి వాడి లాయరు దగ్గరికెళ్తున్నా. ట్రక్కులో చోటుంది. నువ్వొస్తే నేను నోరెత్తను, నువ్వే చెప్పుకో. రాకపోతే నేనే చెప్తా."

"ఇంకా తొమ్మిదే అంటావా?" అని అడిగాను.

"చచ్చినా తొమ్మిదే" అన్నాడు.

అమ్మ షిఫ్టుకి బయల్దేరుతుంటే చెప్పేశాను. కోటు గుండీలు పెట్టుకుంటున్నది ఆగి, నా చెంప పగలగొట్టింది. తర్వాత మిగతా గుండీలు పెట్టుకుని, "ఆ ట్రక్కులో ముగ్గురు పడతారా?" అని అడిగింది.

నన్ను అడ్డుకోవాలని లాయరుకి ఫోన్ చెయ్యకు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అంతా చెప్పేసి ఉంటాను. లైల్‌ని మాత్రం ఇంతవరకు క్షమించమని అడగలేదు. రేపు పొద్దున వాడి పక్కన నేనే కూర్చుంటాను, బాగున్న చెవి నావైపే ఉంటుంది. లాయరు ఆఫీసు వచ్చేలోపల ముందు వాణ్ణి ఆ మాట అడగాలి.

ఇట్లు,
నీ చెల్లెలు
రెనాటా