చిన్నాయన స్వదేశీ మిషన్

శుక్రవారం రాత్రి, కోయంబత్తూరు

రేపు ఆయుధపూజ. చిన్నాయన కుట్టుమిషన్‌ను పూజకు సిద్ధపరచే బాధ్యత, పట్టభద్రుడనన్న ఏకైక అర్హత మీద, నాకు అప్పగించడమైనది. మిషన్ మీద మా ఊరి అంగడి పేరుతో ఇత్తడి బిళ్ళ ఉంది. విదేశీ వస్తువు ముట్టనని ఒట్టు పెట్టుకొన్న చిన్నాయన, రేపు పూజలో తన మిల్లు మిత్రులందరి ముందు అది స్వదేశీదని నేను ప్రకటించవలెనని ఆజ్ఞాపించారు.

చిలుము తుడవడానికి మధ్యాహ్నం బిళ్ళ ఊడదీశాను. కింద ఒక జర్మనీ కంపెనీ పేరు బంగారు అక్షరాలలో దర్శనమిచ్చింది. అంగడివారు తయారుచేసినది బిళ్ళ మాత్రమే.

పిన్నమ్మను రహస్యంగా పిలిచి చూపించాను. ఆమె తొణకలేదు.

"తెలుసురా కన్నా. దీన్ని పండబెట్టి నూనె పోసేది నేనే కదా? అడుగునా అదే పేరుంది."

"చిన్నాయనకు చెప్పలేదా?"

"సుమ్మా ఉండరా, నోరెత్తకు! ఒట్టు పెట్టుకొన్న దినం ఆయన తొడుక్కొన్న ఖద్దరు చొక్కా దీంట్లోనే కుట్టినా. తెలిస్తే మిషన్ని వీధిలో పారేస్తాడు. అప్పుడు ఊరోళ్ళ రవికెలు నేను పళ్ళతో కుట్టాలా?"

బిళ్ళను యథాస్థానంలో బిగించాను. పిన్నమ్మ దాని మీద గంధం కాస్త ధారాళంగానే పూసింది.

మా వంశమూ ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ స్థిరపడినదే. ఎన్ని తరాలకు ఈ ఊరివాళ్ళమవుతామో ఎవరూ మాకు బిళ్ళ బిగించి చెప్పలేదు. రేపు "ఇది మా ఇంటి మిషన్" అని ప్రకటిస్తాను. అంతవరకు అబద్ధం లేదు. ఎక్కడ పుట్టిందని చిన్నాయనే అడిగితే మాత్రం...