ఆకలివాళ్ళ ఊరు

ఒసే పొడుగూ,

హాస్టల్లో మొదటిరోజు మా ఊరి పేరు చెప్పగానే అందరూ పగలబడి నవ్వారు. నువ్వు మాత్రం "అయితే ముందు అన్నం తిందాం పద" అన్నావు. అందుకే ఇది నీకే రాస్తున్నాను.

'ఆకలివాళ్ళ ఊరు' అనే పేరు మార్చాల్సిందేనని ఊరంతా పట్టుబట్టింది. అందరికంటే ముందున్నది మా నాన్నే. తాపీపనికి ఎక్కడికెళ్ళినా "ఏం ఆకలోడా, తిన్నావా?" అనిపించుకుని విసిగిపోయాడు పాపం. పైగా మా ఇళ్ళ గోడల్లో ఉన్నవన్నీ పాత మఠం రాళ్ళు. మా పూర్వీకులు వాటిని దొంగిలించారని పక్క ఊళ్ళవాళ్ళ దెప్పుడు. అందుకని ఎవరో సేనాపతి ఈ ఊరు కట్టించాడని మావాళ్ళు కొత్త కథ అల్లారు. మఠం ముందు పెట్టే బోర్డు కోసం దాన్ని నన్ను రాయమన్నారు. ఊళ్ళో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే కదా! "నా బిడ్డ రాస్తుంది" అని నాన్న అందరి ముందూ మాటిచ్చేశాడు.

రాద్దామనే మఠానికి వెళ్ళాను. పడమటి వైపు గదులు కూలిపోయాయంటారు. అవి కూలలేదే! తాపీమేస్త్రీ కూతుర్ని, ఆమాత్రం తెలియదా? రాళ్ళు పైనుంచి వరసగా విప్పారు. విప్పిన చోట గోడ అంచును సున్నంతో నున్నగా మూశారు. దొంగలకు అంత తీరికెక్కడిది? అక్కడున్న ముసలి సన్యాసిని అడిగాను.

"కరువులో మీవాళ్ళు పిల్లల్నెత్తుకుని వచ్చారమ్మా. ఇళ్ళు కట్టుకోమని మావాళ్ళే తమ పడకగదులు విప్పి ఇచ్చారు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం తాతా?"

"ఇచ్చింది మా అంతట మేము చెప్పుకోకూడదు, అది మా నియమం. మీరెవరూ అడగలేదు మరి."

అడగడానికి మాకు సిగ్గు. చెప్పడానికి వాళ్ళకు నియమం. ఇప్పుడు సేనాపతి కథ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నిజం రాస్తే నలుగురిలో నాన్న తల తీసేసినట్టవుతుందేమో. రేపే సభ, రాసింది ఊరందరి ముందూ చదవాలి.

నీ నేస్తం


పొడుగూ,

బతికిపోయానే!

సభలో నిజమే చదివాను. కిరాణా కొట్టు నడిపే పెదనాన్న లేచాడు. "ఏరా తమ్ముడూ, చదివించి చదివించి కూతురిచేత మనల్ని అడుక్కునేవాళ్ళని చేయించావు కదరా!"

నాన్న నా వైపు చూడలేదు. "అయితే దొంగలం కాదన్నమాట" అని గొణిగాడు. మళ్ళీ అదే మాట గట్టిగా అన్నాడు. తర్వాత పెదనాన్న వైపు తిరిగి, "ఆకలేసి వచ్చాం, తలుపు తీశారు. ఇందులో సిగ్గేముందన్నా? నీ సేనాపతి మనకి ఒక్క రాయి ఇచ్చాడా?" అన్నాడు.

ముందు నవ్వింది పెదనాన్నే. ఆ నవ్వుతో నా భుజాలమీంచి బస్తా దించినట్టయింది.

బోర్డు రాసే ఆయన వచ్చి, పాత పేరు మూలకి చిన్నగా రాయమంటారా అని అడిగాడు. "పెద్దగా రాయవయ్యా, బస్సులో పోయేవాడికి కూడా కనబడాలి" అన్నాడు నాన్న. నాన్నకు చదవడం రాదు కదా. రంగు ఆరేదాకా అక్కడే నిలబడి, ఒక్కో అక్షరం చూపిస్తూ "ఇదేంటమ్మా? మరి ఇదో?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఆకలివాళ్ళ ఊరి అమ్మాయి