దానికేం తెలుస్తాది

బేతంచెర్ల, బుధవారం రాత్రి.

నాలుగేళ్లు నిండినా నోరు విప్పని మేఘన ఈరోజు మా అంగన్‌వాడీలో మాట్లాడింది. నేను సంతోషించలేకపోయాను.

ఎప్పటిలాగే నాపరాతి ముక్కలు వరుసగా పేర్చుకుంటోంది. ఇంటికి తీసుకుపోవడానికి వాళ్ల అవ్వ వచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించమని మళ్లీ చెప్పాను.

"వసకొమ్ము తేనెలో అరగదీసి దినామూ పిల్లతో నాకిస్తాండాం కదా టీచరమ్మా, మాటలొస్తాయిలే," అంది అవ్వ.

అప్పుడే మేఘన తల ఎత్తకుండా, "దానికేం తెలుస్తాది," అంది. అచ్చం అవ్వ గొంతు, అవ్వ సాగదీత. పిల్ల ఎదురుగానే, పిల్ల గురించే అవ్వ రోజూ అనే మాట అది.

అవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చూస్తివా, వస పనిచేసింది. ఇంక ఆసుపత్రి ఎందుకు?" అంటూ పిల్లను చంకనేసుకుని వెళ్లిపోయింది. తన మాటే తనకు వినబడలేదు.

రేపు వాళ్లమ్మ క్వారీ పనికి పోకముందే వెళ్లి మాట్లాడాలి. వింటుందో లేదో. పడుకుంటే ఆ గొంతే వినిపిస్తోంది. ఏడాదిగా ఆ పిల్ల పక్కనే కూర్చుని ఆయాతో కబుర్లు చెబుతున్నాను. ఏదో ఒకరోజు నా గొంతుతో ఏమంటుందో.