కోట తలుపు తీసినవాడు

12 ఆగస్టు 1968

సత్తయ్య తాతకు ఇవాళ కూడా నవల చదివాను. తార్నాకలో నేను అద్దెకుండే గది ఆయనదే. చూపు పోయి రెండేళ్ళు. యూనివర్సిటీ లైబ్రరీ నుంచి తెచ్చిన జానపద నవల, నాలుగు వందల పేజీలు. రాకుమారుడు రాగానే తాత ఆవలిస్తాడు.

"ఆ పోరని సంగతి ఇడిచిపెట్టు బిడ్డా. రుద్రకేతు ఏం జేసిండో చదువు."

రుద్రకేతు సేనాపతి. శత్రువుకు కోట తలుపు తీసినవాడు. తగలబడుతున్న ఆ కోటలోంచే ముగ్గురు పిల్లల్ని భుజాన మోసుకొచ్చినవాడు.

14 ఆగస్టు, సాయంత్రం 4

క్లాసులో ఒక్క ముక్క వినలేదు. సన్నగా వాన. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద రుద్రకేతు తడుస్తూ నిలబడ్డాడు. గుర్రం కూడా తడిసింది. రాకుమారుడు నాకెప్పుడూ కనపడడు. తప్పే చేయనివాడి గురించి కలగనడానికి ఏముంటుంది?

15 ఆగస్టు

సెలవు. మిగిలిన పేజీలు ఒక్కదాన్నే చదివేశాను. రుద్రకేతును చంపేశారు, ఒక్క పేరాలో.

18 ఆగస్టు

చివరికి రుద్రకేతుతో ఎవరైనా మాట్లాడతారా అని తాత అడిగాడు. ఎందుకన్నాను. మంచం పట్టె తడిమాడు.

తర్వాత చెప్పాడు. ఇరవై ఏళ్ళ కిందట ఆయన పనిచేసిన కార్ఖానాలో సమ్మె. నడిపినవాళ్ళ పేర్లు చెప్పకపోతే క్వార్టర్ ఖాళీ చేయమన్నాడట మేనేజర్. అప్పుడు ఆయన భార్య సాలమ్మకు నెలలు నిండాయి. తాత ఒకే పేరు చెప్పాడు. గట్టయ్య, జిగ్రీ దోస్తు. అతని నౌకరీ పోయింది. తాత అతనికి ఎదురుపడటం మానేశాడు. గట్టయ్య ఇప్పటికీ లాలాగూడలోనే ఉన్నాడు.

"భయమైంది బిడ్డా. గంతే."

రుద్రకేతు గురించి కలలు కన్నదాన్ని, తాత పక్క నుంచి కొంచెం దూరం జరిగాను. ఎందుకు జరిగానో.

21 ఆగస్టు

ముగింపు మార్చి చదువుదామనుకున్నాను. రుద్రకేతును బతికించి, ఎవరి చేతనైనా పలకరింపజేద్దామని. నోరు రాలేదు. ఉన్నదున్నట్టే చదివాను. తాత నవ్వాడు.

"సంపిండా రాసినోడు? అయితే సులువుగ ఇడిచిపెట్టిండు."

కాసేపటికి, లాలాగూడకు తోలుకపోతవా అని అడిగాడు.

25 ఆగస్టు, ఆదివారం

రిక్షాలో వెళ్ళాం. గట్టయ్య వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నీ పేరు చెప్పింది నేనే, అన్నాడు తాత.

"గా దినమే ఎర్క," అన్నాడు గట్టయ్య. తాత కళ్ళ వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎండల నిలబడ్డడు. కూసొమ్మను," అన్నాడు.