అరంగుళం అంచు

అమ్మా,

నేను బాగానే ఉన్నాను, ఉద్యోగమూ ఇంకా ఉంది, కంగారు పడకు. ఉపగ్రహం తీసిన ఫొటోల మీద ఇంటి కప్పుల చుట్టూ గీతలు గీసి కంప్యూటర్లో మ్యాపు తయారు చేయడం మా పని. ఇక్కడ అందరికీ దానికి తగ్గ డిగ్రీలున్నాయి. నాకున్నది నీ దగ్గర నేర్చిన కుట్టుపని.

మొదటి వారం రెండొందల ఇళ్లు గీశాను. మా సారు చూసి, "ఇళ్ల మధ్య సందులన్నీ ఏమైపోయాయమ్మా?" అన్నారు. చెయ్యి అలవాటున, గుడ్డకు వదిలినట్టే, ప్రతి కప్పు చుట్టూ కుట్టుకని అంచు కలిపి గీశాను. "తక్కువైతే మళ్లీ పెంచలేం కదండీ" అన్నాను, నీ మాటే. ఆయన నవ్వలేదు. "అంబులెన్సు డ్రైవరు ఇది చూసుకునే వస్తాడు. దారి లేదనుకుని వెనక్కి తిరిగిపోతే?" అన్నారు. నాలుగు రోజులు కూర్చుని ఆ అంచులన్నీ కత్తిరించాను. ఇప్పుడు పక్కపక్క ఫొటోల్లో రోడ్లు అతకడం నాకే ఇస్తున్నారు. గళ్ల గుడ్డలో గళ్లు కలపడం లాంటిదే. నన్ను ఉంచుకునేదీ లేనిదీ నెలాఖరుకు చెబుతారట.

నా పాత కళ్లజోడు బీరువా పై అరలో ఉంది, పంపించు. వంటింటి కొళాయి బాగు చేయించారా, ఇంకా గిన్నె పెట్టే ఉంచారా? నాన్నకు నమస్కారాలు, చెల్లికి దీవెనలు.

నీ పెద్దది

పోస్టుకార్డుకూ అరంగుళం అంచు వదిలాను కాబట్టి ఈ ముక్క పట్టింది. నా కుట్టుమిషను ఎవరికో ఇచ్చేస్తానన్నావు కదా, నెలాఖరు దాకా ఆగు.