రొట్టెలో దాచిన తేలు విషం

అవ్వా,

ఈ రోజు పెత్తరమాస, పోయిన పెద్దలను తలుచుకునే అమావాస్య. నెల్లికుదురులో తమ్ముడు నీ పేరున అయ్యగారికి బియ్యం ఇచ్చాడు. నేను ల్యాబ్ వదిలి రాలేకపోయాను. ఎందుకో తెలిస్తే తిడతావు. తేలు విషంతో పని!

మిర్చి కల్లంలో తేలు కుట్టినప్పుడు దాని ఏడు తరాలనూ తిట్టిన మనిషివి నువ్వు. ఆ విషంలోనే నొప్పిని ఆపే ముక్క ఒకటి ఉంది. కానీ మింగితే కడుపు దాన్ని అరిగించి పారేస్తుంది, అందుకే ఇన్నాళ్లూ ల్యాబ్ ఎలుకలకు సూదితోనే ఎక్కించాం. ఇప్పుడు దాన్ని కంటికి కనపడని నానో గుళికల్లో చుట్టాం. బర్రెకు చేదు గోలీని జొన్నరొట్టెలో బెల్లంతో చుట్టి మింగించేదానివి చూడు, అచ్చం అదే పని.

పొద్దున ఆ గుళికల మందును ఒక ఎలుకకు తాగించాం. అప్పటిదాకా వాచిన కాలు ఎత్తిపట్టుకుని మూలన కూర్చున్నది, కాసేపటికి ఆ కాలు నేలకు ఆనించి గింజల దగ్గరికి నడిచింది! నా అరుపుకు పక్క గదిలోంచి మా సార్ పరుగెత్తుకొచ్చారు. "ఇంకా ఎలుకే కదమ్మా, మనుషుల దాకా చాలా దూరం" అన్నారు గానీ ఆయన ముఖం నిండా నవ్వే.

తమ్ముడికి ఫోన్ చేశాను. "తేలు ఇసంతోని మందా? అవ్వ ఉంటే నిన్ను చీపురుకట్టతోని కొట్టేది అక్కా!" అన్నాడు. కొట్టేదానివే.

చివరి రోజుల్లో, దవాఖానలో నర్సు సూది తీసినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "సూది వద్దు బిడ్డా, జర నోట్లెకు ఏదన్న ఇయ్యరాదా" అనేదానివి.

ఇవాళ నోట్లోకే ఇచ్చాం, అవ్వా.